ఇంట పండ్లపానీయము చేయు విధము: తోటనుండి గిన్నెదాక

మామిడి, అరటి, జామ, సపోట, బొప్పాయి, బత్తాయి మొదలగు పండ్లను పండించు రైతుల యిండ్లలోనే పిల్లలు సీసా పానీయములకై డబ్బులడుగుట యిప్పుడు సర్వసాధారణమైనది. కాయను బండికెత్తి అంగడికి పంపుదుము. దాని గుజ్జుతో చేసిన పానీయమును అదే అంగడినుండి కొని తెచ్చుకొందుము. ఆ సీసాలో నున్న పండెంత? మన దేశపు ఆహార నిబంధనలనుబట్టి, పండ్ల పానీయమని పేరు పెట్టుకొను సరకులో పండ్లరసము నూటికి 10 పాళ్లకు తగ్గకున్న చాలును. నిమ్మ పానీయమైనచో 5 పాళ్లే చాలును. తక్కినదానిలో హెచ్చుభాగము నీరును చక్కెరయును. 2025వ సంవత్సరపు వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి కాయకు ధర పడిపోయి తోటవారు పడిన యవస్థ సభ్యులకు జ్ఞాపకముండును. పండు మన చేతిలో చవుకగా నుండగా, దాని నీడను మాత్రము సీసాలో పెట్టి హెచ్చు వెలకు కొనుట లెక్క తెలిసిన సంసారికి తగిన పని కాదు.

పట్టణములలో స్మూతీ యను పేరుతో అమ్మునది మరేమియు కాదు. పండును వడగట్టక, గుజ్జు గుజ్జుగానే పెరుగుతోగాని పాలతోగాని చిలికిన చిక్కని పానీయమే. అమెరికాలో స్టీఫెన్ పొప్లాస్కీ యనునాతడు గిన్నె యడుగున తిరుగు కత్తిగల యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1937లో వేరింగు యంత్రము అంగడికి వచ్చిన పిమ్మట యీ పానీయము అక్కడ వ్యాపించెను. మన యిండ్లలో నిప్పుడు మిక్సీ లేని యిల్లు అరుదు. కరెంటు లేని వేళను పప్పుగుత్తితో మెదిపి కవ్వముతో చిలికినను అరటి, మామిడి, సపోట చక్కగా కలియును. పనిలో కష్టమేమియు లేదు. చిక్కంతయు పండు ఎన్నికలోను, నీటిలోను, పాత్రలోను, త్రాగు మోతాదులోను ఉన్నది.

మోతాదు సంగతి ముందుగా చెప్పవలసియున్నది. 1977వ సంవత్సరమున ఇంగ్లండులో పదిమంది ఆరోగ్యవంతులపై నొక పరీక్ష జరిగినది. ఒకసారి ఆపిలుపండ్లను కొరికి తినుటకును, మరియొకసారి అదే చక్కెర తూకము గల గుజ్జును, ఇంకొకసారి వడగట్టిన రసమును తీసికొనుటకును ఇచ్చిరి. పండ్లను తినుటకు పట్టిన కాలములో పదునొకండవ వంతులోనే రసము లోనికి పోయినది. గుజ్జుకు పట్టిన కాలముతో పోల్చినను నాలుగవ వంతే. కడుపు నిండెనన్న తృప్తి పండు తిన్నప్పుడు ఎక్కువ, గుజ్జుతో తక్కువ, రసముతో మరియు తక్కువ. రక్తములోని చక్కెర మూడింటను ఒకే మాదిరిగా పెరిగినను, రసము తరువాత నది చప్పున క్రిందికి పడిపోయినది. గుజ్జు తరువాత కొంత పడినది. పండు తిన్న పిమ్మట అట్లు పడలేదు. కనుక వడగట్టిన రసముకంటె చిక్కని పానీయము మేలు, దానికంటె పండును కొరికి నమలి తినుట మేలు. పండ్లు గల యిల్లు దీనిని మరువరాదు. పండు తినలేని ముసలివారికి, నోటిపూతవారికి, ఎండబడి యన్నము సయింపని పిల్లలకు, పొలమునుండి వచ్చి వంట అగువరకు ఆగవలసినవారికి ఈ పానీయము మంచి సాధనము. పండునకు బదులుగా దినదినము చెంబులతో త్రాగుటకు కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార సూచనలలోను పండ్లరసములకంటె పండ్లే మేలని చెప్పిరి. చెరకురసములో 100 మిల్లీలీటర్లకు 13 మొదలు 15 గ్రాముల వరకు చక్కెర యుండునని హెచ్చరించిరి. బెల్లము వేసిన దోషము లేదని మనలో ననేకుల నమ్మకము. శ్రీరామనవమి పానకము సంవత్సరమున కొక దినము. దానికి అడ్డు చెప్పువారు లేరు. నిత్యము త్రాగు పానీయములో బెల్లమైనను, తేనెయైనను, చక్కెరయైనను శరీరమునకు లెక్క యొక్కటే. మాగిన పండున్నచోట ఏదియు వేయనక్కరలేదు. తీపి చాలదనిపించినచో పండు సరిగా మాగలేదని గ్రహించి మరి రెండు దినములు ఆగవలెను.

ఇక మాగవేయు సంగతి. రైతునకు దీనికంటె ముఖ్యమైనది లేదు. ఇది అమ్ము సరకునకును తిను సరకునకును సమానముగా వర్తించును. పెద్దలు వరిగడ్డి పరచి, కాయలను వరుసగా పేర్చి, మరల గడ్డి కప్పి, గది మూసి మాగవేసెడివారు. నడుమ ఒకటి రెండు పండిన కాయలనుంచెడివారు. ఇందులోని రహస్యము 1934వ సంవత్సరమున బయటపడినది: మాగుచున్న పండు తననుండి ఎథిలీను అను వాయువును విడుచును, ఆ వాయువే ప్రక్కనున్న కాయలను కూడ మాగించును. ఇప్పటి మాగవేయు గదులలో ఇదే వాయువును కొలతగా పంపుదురు. పది లక్షల పాళ్ల గాలికి 100 పాళ్లవరకు దీనికి అనుమతి కలదు. కాల్షియము కార్బైడు సంగతి వేరు. ఆ రాయి గాలిలోని తేమతో కలిసి ఎసిటిలీను వాయువును పుట్టించును. అంగడి రాతిలో ఆర్సెనికు, భాస్వరముల కల్తీ యుండుటచేత వాటి విషము పండును అంటును, ఆ రాతిని పట్టినవాని చేతులకును ఊపిరితిత్తులకును హాని చేయును. దానితో మాగిన పండ్లను అమ్ముట 2011వ సంవత్సరపు ఆహార నిబంధనలలో స్పష్టముగా నిషేధింపబడియున్నది. అట్టి పండు ప్రాయికముగా పైన అంతటను ఒకే పసుపు రంగు, లోపల గట్టితనము, ముచ్చికవద్ద వాసన లేమి గలిగియుండును. బంగినపల్లి కాయ తొడిమదగ్గర ముక్కు పెట్టి చూచిన చాలును. మన ముక్కునకు మించిన పరీక్ష యింటిలో లేదు. సంతలోని దళారి రాయి వేసిన కాయలను మనవారెవరును కొనరాదు. మన కాయలను ఆ విధముగ మాగవేయనీయరాదు.

మందు చల్లిన తోటనుండి కాయ తెచ్చువారికి మరియొక హెచ్చరిక. పురుగుమందు డబ్బాపై, చల్లిన తరువాత ఎన్ని దినములు ఆగి కోయవలెనో వ్రాసియుండును. అంగడికి పంపు కాయ విషయమున దీనిని పాటించు రైతులు కూడ, చెట్టుక్రింద నడచుచు చేతికందిన జామకాయను పిల్లవానికి కోసి యిచ్చుట చూచుచున్నాము. ఇంటివాడికొక గడువు, కొనువాడికొక గడువు లేదు. మందు కొలిచిన గిన్నెను, మందు కలిపిన బకెట్టును ఎంత కడిగినను వంటింటికి తేరాదు. మందు ఖాళీ డబ్బాలలో నీళ్లు తెచ్చు నలవాటు కొన్ని పల్లెలలో నింకను ఉన్నది. ఆ నీటితో పండు కడిగిన, కడుగకున్న దానికంటె కీడు.

చిలుక కొట్టిన జామపండు తీపియని మనవారు తరతరములుగా చెప్పుకొనుచు తినుచున్నారు. చిలుక ఎంచుకొను పండు బాగుగా మాగినదే యగుటచేత ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని తెల్లవారి చూచినప్పుడు కొరికినది చిలుకయో, రాత్రి వచ్చిన గబ్బిలమో చెప్పగలవారెవరు? నిపా యను ప్రాణాంతకమైన జ్వరము పండ్లు తిను గబ్బిలములలో నుండు సూక్ష్మజీవివలన వచ్చును. అది 1998, 99 సంవత్సరములలో మలేషియాలోను, 2018లో కేరళమున కోజికోడు ప్రాంతమునను ప్రజలను చంపినది. బంగ్లాదేశమున గబ్బిలములు నోరు పెట్టిన పచ్చి ఖర్జూరపు నీరా త్రాగినవారికి సోకినది. మన జిల్లాలలో అట్టి భయము పుట్టకున్నను, కొరుకు గల పండును ఆ మేర కోసి పారవేసి మిగిలినది మిక్సీలో వేయుట మంచిది కాదు. దానిని ఎరువుగుంటలో పూడ్చవలెను. నేలరాలి పగిలిన పండు సంగతియు అంతే. పానీయము చేయుట యనగా చెడిన పండును సద్వినియోగము చేయుట యని కొందరు గృహిణుల తలంపు. పగులులేని, మెత్తబడిన పండు పానీయమునకు తగును. కుళ్లు, బూజు, పులిసిన వాసన గల పండు దేనికిని తగదు. ఒక కుళ్లిన పండు గిన్నెడు పానీయమును చెరచును, ఎవరికిని కనబడదు.

కడుగుటలో తొందరపడరాదు. మామిడి కాయలను ఒకటి రెండు గంటలు నీళ్లలో వేసియుంచు మన యాచారము మంచిది. సొన దిగును, నోరు పొక్కదు. పిదప పారు నీటిలో చేతితో రుద్ది కడుగవలెను. సబ్బు, బట్టలసోడా వాడరాదు. పండు తొక్క వాటిని పీల్చుకొనును. తొక్క తీసివేయు పండునకు కడుగుట యెందుకని అడుగవచ్చును. కత్తి తొక్కపైనుండి లోనికి పోవునప్పుడు పైనున్న మురికిని లోనికి తీసికొని పోవును. 2011వ సంవత్సరమున అమెరికాలో ఒకే తోట ఖర్బూజపండ్లవలన 33 మంది చనిపోయిరి; పండుపై నంటిన లిస్టీరియా యను సూక్ష్మజీవి దానికి కారణము. గరుకు తొక్కగల ఆ పండును శుభ్రమైన పీచుతో రుద్ది కడిగి, తుడిచి, ఆ తరువాతనే కోయవలెను. మన నదుల యిసుక తిన్నెలలో పండు దోస, ఖర్బూజలకును ఇది వర్తించును.

నీటి విషయమున హెచ్చు మాటలు వలదు: బుడగలు పైకి తన్నునట్లు ఒక నిమిషము మరిగించి చల్లార్చిన నీరు వాడవలెను. పాలు కాచినవే కావలెను. పచ్చి పాలలో క్షయ, బ్రూసెల్లా జ్వరముల బీజములుండవచ్చును. పశువులు గల యిండ్లలోనే ఈ నిర్లక్ష్యము ఎక్కువ. మన ఆవు మనకేమి చేయునను ధీమా. ఇక మంచుగడ్డ. చేపల పెట్టెలలో వేయుటకు చేయు మంచు ఎట్టి నీటితో చేసినదో తెలియదు; గడ్డకట్టినంత మాత్రమున నీటిలోని రోగబీజములు చావవు. చల్లదనము కావలసినవారు పండు ముక్కలనే ఫ్రిజ్‌లో గడ్డకట్టించి వాడిన పానీయము చల్లగాను చిక్కగాను ఉండును, నీళ్లగా పలుచబడదు. ఫ్రిజ్ లేని యిల్లు కొత్తకుండ నీటితో చేసికొన్నను రుచికి లోటు లేదు.

కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు గల పండ్లను గాని పెరుగును గాని వేయరాదు. రాగి కరగి వాంతులగును. అంతేగాక జామ, బత్తాయిలలోని సి విటమిను రాగి తగిలినచో త్వరగా నశించును. గాజు, పింగాణి, స్టీలు పాత్రలు మంచివి.

ఇక చేయు పద్ధతి. నలుగురైదుగురు గల యింటికి మాగిన రసాల గుజ్జు 400 గ్రాములు, ఇంటి పెరుగు 400 గ్రాములు, చల్లార్చిన నీరు పావు లీటరు తీసికొని, రెండు యేలకులు దంచి వేసి చిలికినచో గ్లాసు 200 మిల్లీలీటర్ల వంతున అయిదు గ్లాసులగును. ఒక గ్లాసులో పండు చక్కెర సుమారు 11 గ్రాములు. చిన్నరసము, పెద్దరసము పీచు గల పండ్లగుటచే చేతితో పిసికి గుజ్జు తీసి టెంకకు పీచు వదలుట మంచిది. బంగినపల్లి ముక్కలుగ కోసి వేయవచ్చును. తోతాపురి పులుపును పెరుగు హెచ్చించును గనుక దానికి పాలు సరిపోవును.

చక్రకేళి గాని, కర్పూర గాని, అమృతపాణి గాని రెండు పండ్లు, గ్లాసున్నర మజ్జిగ, చిటికెడు ఉప్పు, గుప్పెడు వేయించిన వేరుసెనగ పప్పులు కలిపిన పానీయము పొలము పనివారికి ఒక పూట ఫలహారమునకు దీటు. రాయలసీమ సభ్యులు వేరుసెనగను చేతితో ఏరకుండ వేయరాదు. ముడుతపడినవి, నల్లబడినవి, బూజు పట్టినవి తీసివేయవలెను. వాటిలోని అఫ్లాటాక్సిను విషము కాలేజమును చెరచును. వేయించినంత మాత్రమున పూర్తిగా పోదు. అంబలికి కాచిన రాగిపిండి చల్లార్చి అరటితో చిలికినను బాగుండును. పచ్చి రాగిపిండి మాత్రము వేయరాదు.

జామపండులో 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిను కలదు, బత్తాయికంటె ఎన్నోరెట్లు. గింజలు పంటికి తగులునని సన్నని గుడ్డతో వడగట్టువారు కలరు. ముతక జల్లెడతో గింజలు మాత్రము తీసి గుజ్జును ఉంచుకొనవలెను. బత్తాయిని, అనగా అనంతపురమువారి చీనీని, లోపలి తెల్లపొర, గింజలతో మిక్సీలో త్రిప్పినచో చేదగును. మొదట తియ్యగానున్నను నిలువయుంచిన కొలది చేదెక్కును. దానిని అప్పటికప్పుడే త్రాగవలెను. తొనలు నోట వేసికొని నమలుట మరియు సుఖము. అనాసను పాలతో, పెరుగుతో పచ్చిగా కలిపిన అందలి రసాయనము పాలలోని మాంసకృత్తులను కోసి, కొలదిసేపటిలో చేదు చేయును, విరిచివేయును. ముక్కలను ఒక పొంగు ఉడికించి చల్లార్చి కలిపిన ఆ గుణము పోవును. దోరబొప్పాయిలోను ఇట్టి గుణమే కలదు; బొప్పాయిని నిమ్మరసముతో, నీటితో మాత్రమే చిలుకుట నా కిష్టము. సపోట బాగుగా మెత్తబడినదే వాడవలెను. గట్టి కాయ పాలు గొంతు పట్టును.

సీతాఫలమును గురించి వేరుగా చెప్పవలెను. పాలమూరు బాలానగరు కాయలు వచ్చు దినములలో గింజలతో సహా మిక్సీలో వేసి వడగట్టు సులువు మార్గమును కొందరు అవలంబించుచున్నారని వినుచున్నాము. సీతాఫలపు గింజ పేలను, పురుగులను చంపు విషముగల గింజ. నూరిన పిండి కంటిలో పడినచో కనుగ్రుడ్డు పుండు పడును. గింజ పూర్తిగా మ్రింగినచో నలుగక పోవును. కత్తి తగిలి నలిగినచో విషము గుజ్జులో కలియును. కావున సీతాఫలపు గుజ్జును ముతక జల్లెడమీద చేతితో రుద్ది, గింజలన్నిటిని తీసి లెక్కగా ప్రక్కనుంచి, పాలతో కవ్వము పెట్టి చిలుకవలెను. ఈ పండునకు మిక్సీ అవసరమే లేదు.

మంచి పానీయమైనను అందరికి మంచిది కాదు. చక్కెరవ్యాధి గలవారు పండు ముక్కలనే మితముగా తినుట మేలు. అమెరికాలో సుమారు 1,87,000 మందిని అనేక సంవత్సరములు పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితములలో, కొన్ని పండ్లను పండ్లుగా తినువారిలో ఆ వ్యాధి తక్కువగాను, రసములు త్రాగువారిలో ఎక్కువగాను కనబడినది.

మూత్రపిండముల వ్యాధి గలవారి విషయము ఇంకను తీవ్రమైనది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కవిటి, సోంపేట, కంచిలి, పలాస మొదలగు మండలములలో ఈ వ్యాధి ఎన్ని కుటుంబములను పీడించుచున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. అది కొబ్బరితోటల సీమ. నీరసించిన మనిషికి కొబ్బరినీరు, అరటిపండు ఇచ్చుట మన మర్యాద, మన ప్రేమ. కాని చెడిన మూత్రపిండములు పొటాషియమను లవణమును బయటికి పంపలేవు. కొబ్బరినీరు, అరటి, సపోట మొదలగువాటిలో అది సమృద్ధి. రక్తములో నది పెరిగినచో గుండె ఉన్నపాటున ఆగును. అట్టి రోగికి డాక్టరు చెప్పిన పండు, చెప్పిన తూకము మాత్రమే పెట్టవలెను. పరామర్శకు పోవువారు చేతిలో పండ్లగెల తీసికొని పోకుండుట మేలు. నక్షత్రపు కాయ యని యిప్పుడు కొన్ని తోటలలో పెంచు అయిదు కోణముల పుల్లకాయను ఈ రోగులు నోట పెట్టరాదు. దానివలన ఎక్కిళ్లు, మూర్ఛలు పుట్టి మరణము కూడ కలుగును.

ఆరు నెలలలోపు శిశువునకు తల్లిపాలు తప్ప మరేదియు అక్కరలేదు. సంవత్సరము నిండని బిడ్డకు తేనె నాకించరాదు; మాగిన అరటిపండును చేతితో మెదిపి పెట్టిన చాలును. సబ్జాగింజలు వేయు నలవాటున్నవారు వాటిని బాగుగ నాని ఉబ్బిన తరువాతనే వేయవలెను.

చేసిన పానీయమును నిలువ యుంచకుండుట ఉత్తమము. మన వేసవి వేడిలో బయట ఒక గంటకు మించి ఉంచరాదు. ఫ్రిజ్‌లో నున్నను మరునాటికి మించరాదు, మూత తెరచునప్పుడు పొంగినను, పులిసిన వాసన వచ్చినను పారబోయవలెను. పెండ్లి, పేరంటములకు బిందెలతో ముందురోజే చేయించు పనిని మానుకొని, గుజ్జును వేరుగా చల్లగానుంచి వేళకు చిలికించుకొనవలెను.

మిక్సీ కడుగుటలో జాడీని మాత్రము తొలిచి వదలుట చాలదు. కత్తి క్రిందను, మూతనుండు రబ్బరు వాషరు లోపలను గుజ్జు చిక్కుకొని రాత్రికి పులియును. ప్లగ్గు తీసి, వాషరు వేరు చేసి, వేడినీటితో కడిగి, బోర్లించి ఆరబెట్టి, తడి పూర్తిగా ఆరిన తరువాతనే మరల బిగింపవలెను. తొక్కలు, పీచు పశువుల తొట్టిలో కొలదిగా వేయవచ్చును; మామిడిటెంకలు మాత్రము పశువు గొంతున అడ్డుపడును గనుక వేయరాదు.